మేరు కొండ కింద నల్గొండ బకెట్

టాంజానియా ఉత్తరాన అరుషా ప్రాంతంలో తాగునీటి పని చేసేవాళ్ళకు హైదరాబాద్ ఎక్కడుందో తెలియకపోవచ్చు కానీ నల్గొండ పేరు మాత్రం తెలుసు. నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేశారు. దానికి మన జిల్లా పేరే పెట్టారు. ఆ పేరుతోనే అది ఇథియోపియాకు, టాంజానియాకు వెళ్ళింది. అరుషా దగ్గర న్గుర్దోతోలో ఫ్లోరైడ్ మీద పనిచేసే ప్రభుత్వ పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ దాన్ని ఇళ్ళలో వాడుకునేలా రెండు బకెట్ల పద్ధతిగా మార్చి చూశారు.

నాది మునుగోడు వైపు పల్లె. కెమిస్ట్రీ టీచర్ ఉద్యోగానికి సెలవు పెట్టి, మేరు కొండ దక్షిణపు వాలులో ఒక ఊళ్ళో వాలంటీరుగా ఉన్నాను. బడి పిల్లలకు సైన్స్ చెప్పడం, ఊరి నీళ్ళు పరీక్షించడం నా పని. నన్ను అక్కడికి ఎంపిక చేసినవాళ్ళకు నా చదువు కంటే నా జిల్లా పేరే నచ్చిందేమో అనిపిస్తుంది. నల్గొండ మనిషి కదా, నల్గొండ పద్ధతి బాగా నేర్పుతుందని అనుకుని ఉంటారు.

ఇది రాయడానికి కారణం అదే. మనం ఆఫ్రికాకు పంపింది బకెట్‌ను. నల్గొండ కష్టం తగ్గింది మాత్రం కృష్ణా నీళ్ళతో. ఆ నీళ్ళు ఎలా వచ్చాయో, ఎంతమంది ఎన్నేళ్ళు అడిగితే వచ్చాయో నేనున్న ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ కథ అక్కడ చెప్పాల్సింది మనమే. బకెట్ పట్టుకుని వెళ్ళే వాలంటీరు ముందు ఆ ఊరి ఆడవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో చూడాలని కూడా నా వాదన.

ముందు నీళ్ళ సంగతి. మేరు అగ్నిపర్వతం. దాని రాళ్ళలో, బూడిదలో ఉన్న ఫ్లోరైడ్ ఊటల్లోకి, వాగుల్లోకి దిగుతుంది. మన వైపు అదే పని గ్రానైటు రాయి చేస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ వాలులో 10 దాటిన చోట్లు కూడా ఉన్నాయి. దీనికి రంగు ఉండదు, వాసన ఉండదు, రుచిలో తెలియదు. మరిగిస్తే పోదు సరికదా, నీళ్ళు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరుకూ లొంగదు. కొండ మీది నుంచి చల్లగా, తేటగా వచ్చే ఊట నీళ్ళను చూస్తే ఇవి పిల్లల ఎముకల్ని పాడుచేస్తాయని ఎవరూ అనుకోరు.

పళ్ళను చూస్తే మాత్రం తెలిసిపోతుంది. చిగుళ్ళలో పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళలోపు, ఈ నీళ్ళు తాగినవాళ్ళకే గార పడుతుంది. అందుకే ఆ ఊళ్ళో ఎవరు పుట్టి పెరిగారో, ఎవరు పెళ్ళయి బయటి నుంచి వచ్చారో నవ్వితే చాలు, చెప్పేయొచ్చు. మా ఊళ్ళోనూ అంతే. మేరు వాలులో మొదటి రోజు క్లాసులోకి వెళ్ళి పిల్లల ముఖాలు చూసినప్పుడు నాకు కొత్త దేశానికి వచ్చానన్న భావమే కలగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మా అక్క కూడా చేసేది.

ఇక రోజు ఎలా నడుస్తుందో చెబుతాను. ఈ వ్యాసంలో నాకు ముఖ్యమైన భాగం ఇదే.

అక్కడ గంటల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. మనకు పొద్దున ఏడంటే వాళ్ళకు ఒంటిగంట. ఒంటిగంట కాకముందే సగం పని అయిపోవాలి. నేనుండే ఇంటి పెద్దావిడను అందరిలాగే నేనూ బీబీ అనేదాన్ని, అంటే మామ్మ. ఆవిడ కోడలు చీకటితోనే లేచి మూడు రాళ్ళ పొయ్యి రాజేసేది. అరటి తోపుల మధ్య, కాఫీ మొక్కల మధ్య ఇళ్ళు. ఆవుల్ని మేతకు వదలరు, కొట్టంలోనే కట్టేసి గడ్డి కోసుకొచ్చి వేస్తారు. అందుకని పొయ్యి తరువాత గడ్డి, గడ్డి తరువాత నీళ్ళు. ఊరికి నల్లా ఒకటి ఉంది కానీ రోజూ రాదు. రాని రోజు ఊటకు దిగాలి. ఇరవై లీటర్ల బకెట్ నెత్తిన పెట్టుకుని ఎగువకు ఎక్కాలి. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు. బడికి వెళ్ళే ఆడపిల్లలు కూడా చిన్న డబ్బాతో తల్లి వెనక నడుస్తారు. నేను కూడా మోసేదాన్ని. మెడ నొప్పి రెండు వారాల్లో తగ్గింది. బీబీ కోడలు చిన్నప్పటి నుంచీ మోస్తూనే ఉంది.

ఇప్పుడు ఈ రోజులోకి మన నల్గొండ బకెట్‌ను తెచ్చి పెట్టండి. మోసుకొచ్చిన నీళ్ళలో కొలిచిన పటిక పొడి, సున్నం వెయ్యాలి. ముందు గబగబా తిప్పాలి, తరువాత నెమ్మదిగా కొన్ని నిమిషాలు తిప్పాలి. తెల్లటి మడ్డి అడుక్కి దిగేదాకా గంటో, ఇంకొంచెం ఎక్కువో కదపకుండా ఉంచాలి. తేట నీళ్ళను గుడ్డలోంచి రెండో బకెట్‌లోకి దించాలి. మడ్డిని పిల్లలకూ కోళ్ళకూ దూరంగా పారబొయ్యాలి. మళ్ళీ బకెట్ కడగాలి, కడగడానికీ నీళ్ళు కావాలి. పటిక ఎంత వెయ్యాలన్నది నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారత ఎంతుందో దాన్ని బట్టి మారుతుంది. నల్లా నీళ్ళకు ఒక కొలత, ఊట నీళ్ళకు ఇంకో కొలత. తక్కువేస్తే ఫ్లోరైడ్ తగ్గదు. ఎక్కువేస్తే నీళ్ళు వగరుగా ఉంటాయి, అల్యూమినియం మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న చోట ఎంత పటిక వేసినా 1.5కు దింపడం కష్టం.

ప్రయోగశాలలో ఇది చక్కని పద్ధతి. నేను పాఠంగా చెప్పినప్పుడు పిల్లలు కళ్ళార్పకుండా చూశారు. కానీ ఇంట్లో ఇది ఏడాదికి 365 రోజులూ, పూట తప్పకుండా ఒక ఆడమనిషి చెయ్యాల్సిన అదనపు పని. పటిక కొనడానికి డబ్బు ఇచ్చేది భర్త. తిప్పేది భార్య. ఫలితం కనిపించేది పదేళ్ళ తరువాత, పిల్లవాడి పళ్ళలో. మానేస్తే ఆ రోజు ఎవరికీ ఏమీ కాదు. ఇలాంటి పని ఎవరైనా ఎంతకాలం చేస్తారు?

ఊళ్ళో చాలా ఇళ్ళ మూలల్లో పాత బకెట్లు కనిపించేవి. నాకంటే ముందు వచ్చినవాళ్ళు పంచినవి. ఒకదాంట్లో మొక్కజొన్న గింజలు, ఇంకోదాంట్లో విత్తనాల బీన్స్ ఉండేవి. బొగ్గుగా కాల్చిన ఎముకల ఫిల్టర్లు కూడా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. న్గుర్దోతో కేంద్రం ఇప్పుడు ఎక్కువగా నమ్ముకున్నది ఎముకబొగ్గునే. పశువుల ఎముకల్ని గాలి తగలనివ్వకుండా కాల్చి, నలిపి, దాని గుండా నీళ్ళు పంపుతారు. రోజూ తిప్పే పని ఉండదు కాబట్టి ఇది నయమే. కానీ కొన్నాళ్ళకు దాని శక్తి అయిపోతుంది. అప్పుడు నీళ్ళు మామూలుగానే కారుతుంటాయి, మామూలుగానే తేటగా ఉంటాయి. కిట్‌తో పరీక్షిస్తేనే అయిపోయిందని తెలిసేది. ఆ కిట్ నా దగ్గరే ఉండేది. గులాబీ రంగు మందు పసుపుకు తిరిగిందంటే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. కొన్ని ఇళ్ళలో ఫిల్టర్ నీళ్ళు, ఊట నీళ్ళు రెండూ ఒకే పసుపు రంగుకు తిరగడం చూశాను. ఆ ఇంటివాళ్ళు మాత్రం మంచి నీళ్ళే తాగుతున్నామనుకుంటున్నారు.

ఇవన్నీ చూసి రిపోర్టుల్లో రాసే మాట ఒకటుంది: ప్రజల్లో అవగాహన లేదు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మా నల్గొండ పల్లెల గురించీ ఏళ్ళ తరబడి అదే రాశారు. అవగాహన ఎందుకు లేదు? నడుం వంగిపోయిన తండ్రిని రోజూ చూసేవాళ్ళకు ఇంకేం అవగాహన కావాలి? వాళ్ళకు లేనిది తీరిక. పొయ్యి, గడ్డి, నీళ్ళు, పొలం, సంత, పిల్లలు అయ్యాక మిగిలిన తీరిక.

మగాది సంగతి చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మక్కలు, బీన్స్ కలిపి ఉడికించే మకాండె అక్కడి ఇళ్ళలో తరచూ వండుతారు. అవి త్వరగా ఉడకడానికి మగాది అనే క్షారపు రాయి ముక్క వేస్తారు. మన ఇళ్ళలో శనగలకు వంటసోడా వేస్తాం, అలాగన్నమాట. సరస్సుల ఒడ్డున దొరికే ఈ మగాదిలో ఫ్లోరైడ్ ఉంటుందని టాంజానియాలోనే పరిశోధనలు జరిగాయి. అంటే నీళ్ళు శుభ్రమైనా కూరలోంచి వస్తుంది. కాబట్టి మగాది మానండి అని చెప్పడం చాలా తేలిక, పోస్టర్ కూడా వేయొచ్చు. కానీ మగాది లేకపోతే అదే కుండ చాలా ఎక్కువసేపు ఉడకాలి. ఎక్కువసేపు ఉడకాలంటే ఎక్కువ కట్టెలు కావాలి. కట్టెలు తెచ్చేదీ ఆవిడే. బీబీ నాతో ఈ మాటే అంది: మగాది మానేస్తాను, కట్టెలు నువ్వు తెస్తావా అని. నవ్వుతూ అంది కానీ ప్రశ్న నిజమైనదే. ఆ తరువాత మేం చెప్పింది వేరే. గింజల్ని ముందు రాత్రి నానబెట్టడం, మూత పెట్టి ఉడికించడం, చంటిపిల్లలకు విడిగా పెట్టే వంటలో మాత్రం మగాది వెయ్యకపోవడం. ఇది బీబీ కోడలు రోజులో ఇమిడింది, అందుకే నిలిచింది. అక్కడి మ్చిచా మన తోటకూరే. దాన్ని ఉడికించడానికి ఏ రాయీ అక్కర్లేదు.

బడిలో పని వేరుగా ఉండేది. పిల్లలు స్వెటర్లు వేసుకుని, చీపుర్లు పట్టుకుని పొద్దున్నే ఆవరణ ఊడుస్తారు. ఏడో తరగతి దాకా చదువంతా స్వాహిలీలో. ఆ తరువాత సెకండరీలో ఒక్కసారిగా ఇంగ్లీషుకు మారుతుంది. తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలో పడ్డ నాకు ఆ టెన్షన్ బాగా తెలుసు. సాయంత్రాలు సోలార్ లాంతరు దగ్గర నాకు వచ్చిన స్వాహిలీలోనే సైన్స్ మాటలు కలిపి చెప్పేదాన్ని. నా స్వాహిలీని పిల్లలే సరిచేసేవాళ్ళు.

ఆ బడిలోనే నాకు తోచిన మార్గం దొరికింది, వాన నీళ్ళు. వాన నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. ఆ వాలులో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, ఏడాది చివర చిన్న వానలు పడతాయి. బడికి రేకుల కప్పు ఉంది. గట్టర్లు, నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు ఉంటే చాలు, ఎవరూ ఏమీ కలపనక్కర్లేదు, తిప్పనక్కర్లేదు. ట్యాంకు నీళ్ళు అందరికీ అన్నిటికీ సరిపోవు. స్నానాలకూ బట్టలకూ ఊట నీళ్ళు వాడినా నష్టం లేదు. తాగడానికీ గంజి కాయడానికీ, అదీ చిన్న తరగతుల పిల్లలకు ముందుగా ఇస్తే, పళ్ళు తయారయ్యే వయసు గడిచిపోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. పైపు నీళ్ళు వచ్చేదాకా పిల్లలు ఆగలేరు కదా, ఆలోగా బకెట్టో ఫిల్టరో ఏదో ఒకటి ఇవ్వడం మేలు కాదా? మేలే. నేను వద్దనడం లేదు. బడిలో ఎముకబొగ్గు ఫిల్టర్ పెట్టి, దాన్ని చూసుకునే మనిషికి జీతమిచ్చి, టైముకు పరీక్ష చేయిస్తే అది పనిచేస్తుంది. జీతం లేకుండా, పరీక్ష లేకుండా ఇంటింటికీ ఒకటి పంచి, ఫోటో తీసుకుని, ఈ ఊరికి ఫ్లోరైడ్ పరిష్కారం అందిందని రాసుకోవడమే హాని. ఎందుకంటే ఆ రాత తరువాత ఆ ఊరు జాబితాలోంచి పోతుంది. పైపు వెయ్యాల్సినవాళ్ళకు ఒక సాకు దొరుకుతుంది.

నల్గొండలో జరిగింది గుర్తు చేసుకోండి. మన రాష్ట్రాల్లో ఈ జబ్బు సంగతి 1937లోనే బయటపడింది, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. పటిక పద్ధతి 1970లలో వచ్చింది. ఆ తరువాత కూడా మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలు వంకర కాళ్ళతోనే పెరిగారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు. జల సాధన సమితి పిలుపుతో ఫ్లోరైడ్ నీళ్ళ మీద చేసిన నిరసన అది. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. శివన్నగూడెం అంశాల స్వామిని 2003లో అప్పటి ప్రధాని వాజపేయి ముందుకు తీసుకెళ్ళి చూపించారు. ఎముకలు వంగిన ఆ శరీరమే ఒక అర్జీ. ఆయన 2023 జనవరిలో కన్నుమూశారు. సాగర్ నీళ్ళ పథకాలు, 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ, ఇవన్నీ ఆ అడగడం వెనక వచ్చినవి. ఇందులో ఏ పార్టీకి ఎంత వాటా అన్నది నాకు ముఖ్యం కాదు. మా ఊళ్ళో మా అక్క కూతురి పళ్ళు తెల్లగా ఉన్నాయి. దాని ఇంట్లో ఎవరూ పటిక తిప్పలేదు.

ఈ కథ నేను మేరు వాలులో గ్రామసభలో చెప్పాను. టాంజానియాలో పద్దెనిమిదేళ్ళు నిండిన ఊరివాళ్ళందరూ గ్రామసభ సభ్యులే. దాని కింద 15 నుంచి 25 మందితో గ్రామ కౌన్సిల్ ఉంటుంది. సభ చెట్టు కింద జరిగింది. నా స్వాహిలీ చాలని చోట బడి హెడ్‌మాస్టారు సాయం చేశారు. ఎముకల జబ్బు గురించి చెప్పినప్పుడు తలలు ఊపారు, అది వాళ్ళకు తెలిసిందే. 480 మంది పోటీ చేశారనగానే మాత్రం సభంతా కదిలింది. బ్యాలెట్ ఎంత పెద్దదని ఒక ముసలాయన రెండు చేతులూ చాచి అడిగాడు. అధికారులు ఏమన్నారు, అరెస్టులు జరిగాయా, నీళ్ళు ఎన్నేళ్ళకు వచ్చాయి అని ఆడవాళ్ళు అడిగారు. అంతకుముందు పటిక కొలతల గురించి పెట్టిన మీటింగుకు ఈ సగం మంది కూడా రాలేదు.

మేరు ప్రజలకు అడగడం కొత్తేమీ కాదు. 1951లో బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ళ భూమి లాక్కుని తెల్ల రైతులకు ఇచ్చినప్పుడు, కిరిలో జాఫెట్ అనే మేరు మనిషి 1952లో న్యూయార్క్ వెళ్ళి ఐక్యరాజ్య సమితి ముందు మాట్లాడాడు. ఆ మాట సభలో ఆ ముసలాయనే లేచి గుర్తుచేశాడు. నేను చెప్పిన నల్గొండ కథకు ఆయన తన ఊరి కథను జత చేశాడు. ఆ రోజు నుంచి ఊళ్ళో నీళ్ళ మాట ఎత్తితే రెండు కథలూ కలిపే చెప్పుకునేవాళ్ళు.

2019 చట్టంతో టాంజానియాలో పల్లె నీటి సరఫరాకు రువాసా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. దాని కింద ఊళ్ళలో నీటి సంఘాలు ఉంటాయి. నేనున్న ఊళ్ళో సంఘం దగ్గర బకెట్‌కు ఎంత వసూలు చెయ్యాలన్న లెక్క ఉంది కానీ ఏ నల్లాలో ఎంత ఫ్లోరైడ్ ఉందన్న లెక్క లేదు. నా మిగిలిన కాలమంతా ఎక్కువగా దాని మీదే గడిచింది. ఊరి ప్రతి ఊటనూ, ప్రతి నల్లానూ వానకు ముందూ తరువాతా పరీక్షించడం, అంకెల్ని స్వాహిలీలో పట్టికగా రాయడం, సంఘం సెక్రటరీ పేరుతో, గ్రామ కౌన్సిల్ ముద్రతో పై ఆఫీసుకు పంపడం. నా పేరు ఏ కాగితం మీదా లేదు, ఉండకూడదనే అనుకున్నాం. నేను వెళ్ళిపోయాక ఆ పట్టిక గురించి ఆఫీసుకు వెళ్ళి అడిగేది సెక్రటరీయే. సంఘంలో ఇద్దరు కుర్రాళ్ళు, బీబీ కోడలు పరీక్ష చెయ్యడం నేర్చుకున్నారు. ఆవిడ రాసే అంకెలు నా అంకెల కంటే శుభ్రంగా ఉంటాయి.

అరుషాకు వాలంటీర్లు కొరతేం కాదు. కిలిమంజారో ఎక్కడానికో సఫారీకో వచ్చి, రెండు వారాలు బడి గోడకు రంగు వేసి వెళ్ళేవాళ్ళు చాలామంది. టూరిస్టు వీసా మీద ఈ పని చెయ్యడం చట్టానికి విరుద్ధం, వాలంటీరుకు క్లాస్ సి రెసిడెన్స్ పర్మిట్ కావాలి. హైదరాబాద్ నుంచీ, అమెరికాలో ఉన్న మనవాళ్ళ నుంచీ కూడా ఇప్పుడు పిల్లల కాలేజీ అప్లికేషన్ల కోసం ఇలాంటి ప్రయాణాల గురించి అడుగుతున్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఇది: రెండు వారాలే ఉంటే వెళ్ళకండి. ఆ టికెట్ డబ్బుతో ఒక బడికి ట్యాంకూ గట్టర్లూ వస్తాయి, వాటిని చూసుకునే మనిషికి జీతమూ వస్తుంది. ఎక్కువ కాలం ఉండగలిగితే మాత్రం వెళ్ళండి. మొదటి నెల ఏమీ నేర్పకండి, నీళ్ళు మొయ్యండి, కట్టెలు మొయ్యండి, సంతకు నడవండి. గ్రామసభలో వెనక కూర్చోండి. నల్గొండ, ప్రకాశం జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళయితే మీ ఇంట్లో పెద్దవాళ్ళను ముందు అడిగి వెళ్ళండి: మన ఊరికి మంచి నీళ్ళు ఎలా వచ్చాయి, ఎవరు అడిగారు, ఎవరి తలుపు తట్టారు అని. అక్కడివాళ్ళు మిమ్మల్ని అడిగేది అదే.

నేను బయల్దేరేనాటికి పైపు గురించి పై నుంచి జవాబు రాలేదు. బడి ట్యాంకు పని మాత్రం గ్రామ కౌన్సిల్ తన చేతుల్లోకి తీసుకుంది. మార్చి వానలకు ముందు గట్టర్లలో ఆకులు తీసే వంతు తండ్రులకు వేశారు, తల్లులకు కాదు. ఆ నిర్ణయం బీబీ కోడలు సభలో లేచి అడిగి చేయించింది. మొదటి వాన నీళ్ళు కప్పు మీది దుమ్ముతో వస్తాయి కాబట్టి వాటిని బయటికి వదిలెయ్యాలని, రెండో వాన నుంచి ట్యాంకులోకి మళ్ళించాలని, ఒకటి నుంచి మూడు తరగతుల వాళ్ళు తాగాకే మిగతావాళ్ళకు ఇవ్వాలని బడి గోడ మీద రాసి పెట్టారు.